సింఫనీ ఆర్కెస్ట్రా పిల్లల సంగీత విద్యకు నిజంగా ఏం చేస్తుంది?

పెద్ద నగరాల్లోని సింఫనీ ఆర్కెస్ట్రాలు ఏడాదికొకసారి బడిపిల్లలను పిలిచి కచేరీ వినిపించడం మినహా వారి సంగీత విద్యకు ఏమైనా చేస్తాయా అని మీరు అడిగారు. చేస్తాయి. అయితే అందరికీ కనిపించే కచేరీ కంటే, ఆర్కెస్ట్రాలో వాయించేవారు తమ సమయాన్నీ చెవినీ పిల్లలకు ఇవ్వడమే ఎక్కువ విలువైన సాయమని నా అభిప్రాయం. మేము షికాగో శివార్లలో ఉంటాము. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో నాలుగవ తరగతి నుండి వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దదైన, మంద్రంగా పలికే వాద్యం) వాయిస్తోంది. కనుక షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా గురించి ఒక తల్లిగా చూసినవీ, ఆసక్తి కొద్దీ తెలుసుకున్నవీ రాస్తున్నాను.

ముందుగా బడిపిల్లల కచేరీల సంగతి. మిషిగన్ అవెన్యూలో 1904లో కట్టిన ఆర్కెస్ట్రా హాలుకు ఒక తరగతిని తీసుకువెళ్ళాలంటే, బస్సు మాట్లాడుకోవడం కంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉంది. ఆ రోజు వినిపించబోయే రచనల గురించి ఉపాధ్యాయులకు పాఠ్యసామగ్రి అందుతుంది. టీచరు దాన్ని తరగతిలో ఉపయోగించి, ముఖ్యమైన వరుసను పిల్లల చేత పాడించి, దాన్ని ఏ వాద్యం ఎక్కడ అందుకుంటుందో చెప్పి ఉంచితేనే ఆ కచేరీ ఒక పాఠమవుతుంది. మా అమ్మాయి టీచరు ఆ శ్రమ తీసుకున్నారు. తాను బడిలో పాడుకున్న వరుస, సన్నాయిలా ఊదే ఓబో నుండి, నిలబెట్టి కమానుతో వాయించే పెద్ద వాద్యాలైన చెల్లోలకు వెళ్ళినప్పుడు గుర్తుపట్టానని ఆ పిల్ల ఇంటికి వచ్చి ఎంతో సంబరంగా చెప్పింది. ఏ తయారీ లేకుండా వెళ్ళిన పిల్లలకు హాలు ఎత్తూ, బాల్కనీలూ, నల్లని దుస్తుల్లో కూర్చున్న అంతమంది మనుషులూ గుర్తుంటారు గాని, విన్న సంగీతం అంతగా గుర్తుండదు.

ఇక్కడ ఈ పని ఈనాటిది కాదు. 1891లో థియొడోర్ థామస్ స్థాపించిన ఈ ఆర్కెస్ట్రాకు ఆయన తరువాత సారథ్యం వహించిన ఫ్రెడరిక్ స్టాక్, 1919లో పిల్లల కోసం ప్రత్యేక కచేరీలను ప్రారంభించారు. అదే ఏడాది యువ వాద్యకారులను తీర్చిదిద్దడానికి, నేడు సివిక్ ఆర్కెస్ట్రాగా పేరొందిన శిక్షణ బృందాన్ని కూడా నెలకొల్పారు. దీని వెనుక ఆదర్శంతో పాటు అవసరమూ ఉంది. అప్పటివరకు అమెరికా ఆర్కెస్ట్రాలు మంచి వాద్యకారుల కోసం ఐరోపా మీద, ముఖ్యంగా జర్మనీ మీద ఆధారపడేవి. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, జర్మన్ మూలాలున్న సంగీతకారులను అనుమానంగా చూడడం మొదలయింది, జర్మనీలో పుట్టి అప్పటికింకా అమెరికా పౌరుడు కాని స్టాక్ స్వయంగా 1918లో కొంతకాలం పదవికి దూరంగా ఉండవలసి వచ్చింది. ఈ దేశానికి కావలసిన వాద్యకారులను ఈ దేశంలోనే తయారుచేసుకోవాలన్న పట్టుదల ఆ పరిస్థితుల్లో బలపడింది. అదే 1919లో మన విజయనగరంలో సంగీత కళాశాల ప్రారంభమైందనీ, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులయ్యారనీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారనీ తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

సివిక్ ఆర్కెస్ట్రాలో ఉండేవారు చిన్నపిల్లలు కారు. చాలామంది సంగీత కళాశాలల్లో చదువు ముగించినవారు, లేదా ముగించబోతున్నవారు. ఆడిషన్‌లో ఎంపికైనవారికి భృతి ఇస్తారు. షికాగో సింఫనీ సభ్యులే వారికి మెళకువలు నేర్పుతారు. వారిలో ఫెలోలుగా ఎంపికైన కొందరు నగరంలోని బడులకు వెళ్ళి పిల్లలతో కలిసి పనిచేయడం కూడా శిక్షణలో భాగంగా నేర్చుకుంటారు. ఈ ఏర్పాటు నాకు అన్నిటికంటే నచ్చింది. ఎంత బాగా వాయించేవారికైనా పదేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పడం దానంతట అది రాదు. దాన్ని కూడా ఒక విద్యగా సాధన చేయించాలని ఒక ఆర్కెస్ట్రా గుర్తించడం చిన్న విషయం కాదు.

వృత్తి వాద్యకారులు పిల్లల పక్కన కూర్చుంటే ఏం మారుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా అమ్మాయి వాయించే యువ ఆర్కెస్ట్రాలో ఒకసారి వయోలాలకు మాత్రమే విడిగా రిహార్సల్, ఇక్కడివారు సెక్షనల్ అనేది, నడపడానికి ఒక కళాకారిణి వచ్చారు. పిల్లలు చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదవ సింఫనీలోని నెమ్మదైన రెండవ భాగాన్ని సాధన చేస్తున్నారు. స్వరాలన్నీ సరిగానే పలుకుతున్నాయి, అయినా పదిమంది పది రకాలుగా వినిపిస్తున్నారు. ఆమె ముందుగా వాద్యాలు కింద పెట్టించి ఆ వరుసను పాడించారు. తరువాత అందరికంటే ముందు కూర్చున్న అమ్మాయి ఊపిరి తీసుకోవడాన్ని చూసి, అందరినీ అదే క్షణంలో ఊపిరి తీసుకుని మొదలుపెట్టమన్నారు. కమాను ఎక్కడ దిశ మారాలో, మృదువైన చోట దాని కొనవైపు ఎంత మేరకు వాడాలో ఒక్కొక్కటీ పెన్సిలుతో గుర్తు పెట్టించారు. చివరికి, చెల్లోల భాగాన్ని మనసులో వింటూ దానికి చోటు మిగిలేంత తగ్గి వాయించమన్నారు. గంటన్నరలో ఆ పిల్లల నాదం ఒక్కటయింది. తలుపు బయట కూర్చున్న నాకే ఆ తేడా తెలిసింది.

నేను చిన్నప్పుడు గురువుగారి ఎదుట కూర్చుని వర్ణాలూ కృతులూ నేర్చుకున్నదాన్ని. గురువు పలికిన గమకాన్ని ఎంత దగ్గరగా పట్టుకుంటే అంత విద్య అబ్బినట్లు. ఆర్కెస్ట్రాలో నేర్చుకునేది వేరొకటి: తన నాదాన్ని పక్కవారి నాదంలో కలపడం, ముఖ్యమైన వరుస తనకు రాని చోట కూడా శ్రద్ధగా వాయించడం. వయోలావారికి ఇటువంటి చోట్లే ఎక్కువ. దీన్ని ఇంట్లో ఒంటరి సాధనతోనో, వీడియోలు చూసో నేర్చుకోవడం సాధ్యం కాదు. అందుకే ఆ విద్యలో ఆరితేరినవారు పిల్లల మధ్యకు రావాలి.

దీనికి పరిమితులూ ఉన్నాయి, అవి నన్ను బాధిస్తాయి. మా పిల్లలకు బడిలోనే ఆర్కెస్ట్రా తరగతి ఉంది, విడిగా ట్యూషన్ చెప్పించే స్తోమత మాకు ఉంది. ఆ రెండూ లేని పిల్లల దగ్గరికి ఆర్కెస్ట్రాయే నడిచి వెళ్ళాలి. రికార్డో ముటి షికాగో సింఫనీ సంగీత దర్శకుడిగా బాధ్యతలు చేపట్టిన 2010లోనే, ఈ పశ్చిమ శివారులోని వారెన్‌విల్‌లో నిర్బంధంలో ఉన్న బాలికల కేంద్రానికి వెళ్ళి, వారికి సంగీతం వినిపించి మాట్లాడారు. లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా ఇంకా ముందుకు వెళ్ళింది. వెనిజులాలో 1975లో హోసే అంతోనియో అబ్రేయు ప్రారంభించిన, పిల్లలకు ఉచితంగా ఆర్కెస్ట్రా సంగీతం నేర్పే ఎల్ సిస్టెమా స్ఫూర్తితో 2007లో యోలా అనే యువ ఆర్కెస్ట్రా కార్యక్రమాన్ని మొదలుపెట్టి, వాద్యాలూ పాఠాలూ ఉచితంగా ఇస్తోంది. 2021లో లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో ఒక పాత బ్యాంకు భవనాన్ని వాస్తుశిల్పి ఫ్రాంక్ గేరీ చేత మార్పించి ఆ పిల్లలకు సొంత కేంద్రం ఏర్పాటు చేసింది. ఏటా ఒక కచేరీ కంటే వారంలో కొన్ని రోజుల పాఠం వందరెట్లు మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఇంతచేసినా, రోజూ ముప్ఫైమంది పిల్లల వాద్యాలకు శ్రుతి చేసిపెట్టే బడి టీచరు స్థానాన్ని ఏ ఆర్కెస్ట్రా భర్తీ చేయలేదు. ఆ ఉద్యోగాలు తగ్గిస్తామని పాఠశాల బోర్డు అన్నప్పుడు తల్లిదండ్రులు సమావేశానికి వెళ్ళి అభ్యంతరం చెప్పాలి.

మీరు భారతదేశంలో ఉంటే, ముంబయిలోని ఎన్‌సీపీఏలో (జాతీయ ప్రదర్శన కళల కేంద్రం) 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పిల్లల కోసం సంగీత అకాడమీ నడుపుతోంది, అక్కడ విచారించవచ్చు. అమెరికాలో ఉంటే, మీ నగరపు ఆర్కెస్ట్రా విద్యావిభాగానికి ఒక ఉత్తరం రాసి మూడు విషయాలు అడగండి: విద్యార్థులను రిహార్సల్స్‌కు రానిస్తారా, వాద్యకారులు బడులకు వచ్చి సెక్షనల్స్ నడుపుతారా, విద్యార్థులకు తక్కువ ధర టికెట్లు ఉన్నాయా. అవకాశం ఉంటే కచేరీ కంటే ముందు రిహార్సల్‌కే తీసుకువెళ్ళండి. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఆపి, ఒకే సంగీత వాక్యాన్ని నాలుగుసార్లు వాయింపించి సరిచేయించడం అక్కడే పిల్లల కంటపడుతుంది.