కొట్టేసిన కేసుకు కాలమ్ లేదు

అమ్మాయీ,

నీ కథ సగం చదివి పక్కన పడేశాను. మా ఆవిడ తీసి మళ్లీ టేబుల్ మీద పెట్టింది. మర్నాడు మిగతా సగం చదివాను. మూడో పేజీలో చెప్పులు కనపడకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

ముందు నా కోపం విను. నీ కథ 1995లో జరుగుతోంది. అందులో ఇన్‌స్పెక్టర్ ‘బీఎన్‌ఎస్ 103 కింద బుక్ చేస్తాం’ అంటాడు. బీఎన్‌ఎస్ అంటే భారతీయ న్యాయ సంహిత, ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. అంతకుముందు హత్యంటే పాత శిక్షాస్మృతిలో 302, టీ కొట్టు కుర్రాడికి కూడా తెలిసిన నంబరు. శవాన్నేమో ముషీరాబాద్‌లో ఉన్న గాంధీ ఆస్పత్రికి పంపావు. గాంధీ అప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది, పాత జైలు స్థలంలోకి మారింది 2003లో. ఇక సైబరాబాద్ కమిషనర్‌తో ప్రెస్ మీట్ పెట్టించావు. అప్పటికి ఆ కమిషనరేటే పుట్టలేదు. ‘విగతజీవి’ అని నాలుగుసార్లు రాశావు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ మాట అనగా విన్నావా?

ఇవన్నీ దిద్దుకోవచ్చు. అసలు గొడవ నీ హీరోతో. ముప్పై ఏళ్లు క్రైమ్ బీట్ చూసి రిటైరవుతున్న రిపోర్టర్, పోలీసులకు అంతుపట్టని హత్యను చివరి వారంలో తానే ఛేదిస్తాడు. నేను ముప్పై రెండేళ్లు అదే పని చేశాను. నేను పట్టుకున్న హంతకుల సంఖ్య సున్నా. నా పని ఫోన్లు తిప్పడం. సాయంత్రం ఆరు నుంచి కంట్రోల్ రూమ్, ఫైర్ స్టేషన్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లోని పోలీసు ఔట్‌పోస్టులు, తర్వాత వరసగా స్టేషన్లు. ‘ఏమన్నా విశేషాలున్నాయా సార్?’ ‘ఏం లేవు’ అని వెంటనే అంటే నిజంగానే ఏమీ లేనట్టు. ఒక్క క్షణం ఆగి ‘ఏం లేవు’ అంటే స్కూటర్ తీయాలి. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు కర్ఫ్యూ పాస్ జేబులో పెట్టుకొని ఉస్మానియా మార్చురీ దగ్గర నిలబడిన రాత్రుల్లో ఆ విద్య కూడా పనికి రాలేదు. అప్పుడు ఎవరూ ‘ఏం లేవు’ అనలేదు.

నీ హీరో సర్వీసంతా ఒక్క తప్పుడు వార్త కూడా రాయలేదట. అక్కడే నేను కాగితాలు పడేసింది.

పోలీసుల ప్రెస్ నోట్ చూశావా ఎప్పుడైనా? ‘నిందితుణ్ని తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు.’ ఆ వాక్యాన్ని ఎన్ని వందలసార్లు దించానో. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది నిందితుడి మీద రుజువుగా చెల్లదు. తెల్లదొరకే మన పోలీసు మీద నమ్మకం లేకపోయింది. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ నియమం అలాగే ఉంది. మేం మాత్రం రాత్రి తొమ్మిదిన్నరకల్లా నమ్మేసేవాళ్లం, సిటీ ఎడిషన్ దిగాలి కదా.

తొంభైల మొదట్లో ఒక పెద్దింట్లో నగలు పోయాయి. పనికుర్రాణ్ని పట్టుకొచ్చి, ముందు బల్ల మీద బంగారం పరిచి, వెనకాల నిలబెట్టారు. అప్పుడు ముసుగులు వేసేవాళ్లు కాదు. పందొమ్మిదేళ్ల మొహం మూడు కాలమ్‌లలో వేశాం. హెడ్డింగ్ నాదే: ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు’. డెస్కులో అందరూ మెచ్చుకున్నారు.

ఆరేళ్ల తర్వాత ఒక సాయంత్రం అతను ఆఫీసుకు వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో కోర్టు కాగితాలు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, అతనికి చదవరాదు. నాచేత చదివించుకున్నాడు. ‘కేసు కొట్టేశారని ఉంది కదా సార్?’ ఉంది. ‘అయితే అది కూడా వేయండి. మా ఊళ్లో నా ఫోటో ఇంకా దాచిపెట్టుకున్నారు.’

ఎనిమిది లైన్లు రాసిచ్చాను. మా న్యూస్ ఎడిటర్ ‘పాత చింతకాయ పచ్చడి, ఎవడిక్కావాలి?’ అన్నాడు. పోట్లాడితే లోపలి పేజీలో సింగిల్ కాలమ్ ఇస్తానన్నాడు. రాత్రి చీరల షాపు ప్రకటన వచ్చింది, ఎనిమిది లైన్లు లేచిపోయాయి. ఆ పెద్దమనిషి తర్వాత సభల్లో పాత్రికేయ విలువల మీద ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒళ్లు మండాల్సింది నా మీద నాకు. ఆ కుర్రాడు ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండోసారి, నేను లేనని చెప్పమని అటెండర్‌కి చెప్పాను.

నీ రిపోర్టర్‌కు అలాంటి మనిషి ఒక్కడైనా కావాలి. లేకపోతే ముప్పై ఏళ్లు అతను ఉద్యోగం చేసినట్టు నేను నమ్మను.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ కుర్రాళ్లను చాలామందిని పట్టుకెళ్లారు. అప్పటి హెడ్డింగులు లైబ్రరీలో తీసి చూడు. తర్వాత వాళ్ల మీద కేసులు కోర్టులో నిలవలేదు, ప్రభుత్వమే కొందరికి పరిహారం, క్యారెక్టర్ సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆ వార్త ఏ పేజీలో, ఎంత సైజులో వచ్చిందో కూడా చూడు. చిన్న కేసుల్లోనూ అంతే. 2018లో పురానీ హవేలీ మ్యూజియంలో నిజాం బంగారు టిఫిన్ బాక్సు పోయి దొరికింది. దొంగ రోజూ అందులోనే తిన్నాడని పోలీసులు చెబితే పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. నువ్వూ నీ ఉత్తరంలో అది రాసి మురిసిపోయావు. ఆ కేసు కోర్టులో ఎంతవరకు వచ్చిందో కనుక్కున్నావా?

నువ్వు చూస్తున్న వెబ్ సిరీస్‌లు కొన్నాళ్లు ఆపు. నాంపల్లి కోర్టుకు వెళ్లు. ఒక నెల వెనక బెంచీలో కూర్చో. చంచల్‌గూడ జైలు నుంచి వ్యాన్ వచ్చేసరికి భార్యలు పరిగెత్తుకొస్తారు, కానిస్టేబుల్‌ని బతిమాలి బిస్కెట్ ప్యాకెట్ అందిస్తారు. లోపల మూడు నిమిషాల్లో వాయిదా పడుతుంది. సాక్షి ఎదురు తిరుగుతాడు, ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం ఉండదు. ఇప్పటి పిల్లలు అటువైపు పోవడం లేదు. ప్రెస్ నోట్ వాట్సాప్‌లో వస్తుంది, ఎఫ్‌ఐఆర్ వెబ్‌సైట్లో దొరుకుతుంది, సీసీ ఫుటేజీ చానళ్లకు దొరుకుతుంది. కుర్చీలోంచి లేవకుండా హత్య రాసేయొచ్చు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు కథ కానీ.

ఇక చెప్పులు. ఉస్మానియా మార్చురీ గేటు దగ్గర ఒక తల్లి కొడుకు చెప్పులు చేత్తో పట్టుకొని నిలబడింది. కానిస్టేబుల్ ‘అవెందుకమ్మా, పడెయ్’ అంటే కొంగులో చుట్టుకుంది. రెండే వాక్యాలు. ఇది నువ్వు చూసిందో ఊహించిందో గానీ, నేను ఆ గేటు దగ్గర అన్నేళ్లు నిలబడి కూడా రాయలేకపోయాను. నీ రిపోర్టర్ ఆమెను దాటుకొని లోపలికి వెళ్లిపోయాడు. నేనూ అలాగే వెళ్లేవాణ్ని, డెడ్‌లైన్ ఉండేది.

నీకు డెడ్‌లైన్ లేదు. ఆమె ఆ సాయంత్రం ఏ బస్సెక్కిందో, చెప్పులు ఇంట్లో ఎక్కడ పెట్టిందో రాసి పంపు. కథంతా అక్కర్లేదు, ఆ రెండు పేజీలు చాలు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన