వద్దన్న అక్కకి తెలియకుండా రేకీ పంపొచ్చా?

మీరు అడిగింది ఇది: రేకీలో (చేతుల ద్వారా శక్తి పంపి నయం చేస్తామనే జపాన్ పద్ధతి) రెండో డిగ్రీ, అంటే దూరం నుంచి పంపడం నేర్పే మెట్టు, పూర్తయింది. అక్కకి ఏళ్లుగా మైగ్రేన్. రెండుసార్లు అడిగితే "ఇలాంటివి నాకొద్దు" అంది. ఇప్పుడు ఆవిడకి చెప్పకుండా దూరం నుంచి పంపితే తప్పా? పైగా ఈ మాట ఎత్తగానే స్నేహితులు కూడా టాపిక్ మార్చేస్తున్నారని బాధపడ్డారు.

ముందే చెప్పేస్తున్నా, పంపొద్దు. ఎందుకో చెప్పాలంటే నా బండారం కొంత బయటపెట్టుకోవాలి.

నేను నేర్చుకుని పదకొండేళ్లయింది. మొదటి ఏడాది ఎలా ఉండేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరైనా తుమ్మితే చాలు, నా చేతులు లేచేవి. అట్యూన్‌మెంట్ (గురువు ఇచ్చే రేకీ దీక్ష) తీసుకున్న కొత్తలో అరచేతులు వెచ్చబడుతుంటే, ఆ వేడి ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా ఊపిరాడదు. మీరూ ఇప్పుడు ఆ దశలోనే ఉన్నట్టున్నారు.

ఆ ఏడాదే మా పిన్నికి గుండెకి బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఐసీయూ నుంచి రూముకి మార్చిన మర్నాడు చూడ్డానికి వెళ్లాను. "పిన్నీ, ఓ ఇరవై నిమిషాలు రేకీ ఇస్తాను, నువ్వేం చెయ్యక్కర్లేదు, కళ్లు మూసుకో చాలు" అన్నాను. అది అడగడం కాదు, చెప్పడం. ఆవిడ "నీ ఇష్టం అమ్మా" అంది. నీ ఇష్టం అన్నదంటే తన ఇష్టం కాదని అర్థం. అప్పుడు నాకా జ్ఞానం లేదు.

నుదుటికి జానెడు ఎత్తున చేతులు పెట్టి నిలబడ్డాను. తర్వాత ఛాతీ మీద కట్టుకి పైన, తగలకుండా. దుప్పటి కింద పిన్ని కాలివేళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ కదులుతున్నాయి. ఎనర్జీ పారుతోందనుకుని మురిసిపోయి ఇంకో పది నిమిషాలు పొడిగించాను. అయిపోయాక "హాయిగా ఉందా పిన్నీ?" అంటే "ఉందమ్మా" అంది. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

రెండు వారాల తర్వాత పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఏమీ అనుకోకు. ఆ రోజు అమ్మకి అర్జెంటుగా బాత్రూమ్‌కి వెళ్లాల్సి ఉందట. నువ్వు కళ్లు మూసుకుని నిలబడ్డావని ఆపుకుందట." ఇంతవరకూ నవ్వొచ్చే మాటే. తర్వాతది కాదు. "నువ్వు అలా మాట్లాడకుండా చేతులు చాపి నిలబడితే, డాక్టర్లు తనకి చెప్పనిదేదో మనకి చెప్పారేమోనని ఆ రాత్రంతా నిద్రపోలేదు."

హాయి ఇచ్చానని నేను ఇంట్లో హాయిగా పడుకున్న రాత్రి అది.

చాలా రోజుల తర్వాత ఒక పరిశోధన గురించి చదివినప్పుడు ఆ రాత్రే గుర్తొచ్చింది. అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ బృందం ఆరు ఆసుపత్రుల్లో 1802 మంది బైపాస్ పేషెంట్ల మీద చేసి, 2006లో అచ్చువేసింది. రెండు గుంపుల వాళ్లకి "మీ కోసం ఎవరైనా ప్రార్థించవచ్చు, ప్రార్థించకపోవచ్చు" అని చెప్పారు. అందులో ఒక గుంపుకి నిజంగా ప్రార్థన చేయించారు, రెండోదానికి లేదు. ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు ప్రార్థన జరిగిన గుంపులో 52 శాతం, జరగని గుంపులో 51 శాతం, అంటే తేడా లేనట్టే. మూడో గుంపుకి మాత్రం "మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది" అని ముందే చెప్పారు. వాళ్లలో 59 శాతం. ఇది కాకతాళీయం కావచ్చని పరిశోధకులే అన్నారు, కాబట్టి ప్రార్థన కీడు చేస్తుందని దీన్ని పట్టుకుని ఎవరూ వాదించనక్కర్లేదు. కానీ వాళ్లకొచ్చిన అనుమానాల్లో ఒకటి మా పిన్ని అనుమానమే: నాకోసం ప్రత్యేకంగా ప్రార్థనలు పెట్టించారంటే, నా పరిస్థితి అంత బాలేదా?

ఇక దూరం నుంచి, తెలియకుండా పంపడం సంగతి. "తెలియనప్పుడు టెన్షన్ కూడా ఉండదుగా" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. 1988లో రాండాల్ఫ్ బైర్డ్ అనే డాక్టర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గుండె జబ్బుల వార్డులో ఇలాంటి పరిశోధనే అచ్చువేశాడు. దూరాన ఉన్నవాళ్లు పేషెంట్ల కోసం ప్రార్థించడం, అంతే. మందు లేదు, సూది లేదు. అయినా ఒక్కొక్కరినీ అడిగి సంతకం తీసుకున్నారు. 393 మంది సరేనన్నారు, 57 మంది వద్దన్నారు. వద్దన్నవాళ్లని వదిలేశారు. ఎక్కడో కూర్చుని చేసే ప్రార్థన కూడా వద్దనే మనుషులుంటారు, వాళ్ల కారణాలు వాళ్లవి. మీ అక్కయ్య ఆ 57 మందిలాంటి మనిషి అనుకోండి.

కొందరు గురువులు దీనికి ఒక దొడ్డిదారి చెబుతారు. మనిషి వద్దన్నా సరే, ధ్యానంలో ఆ మనిషి "హయ్యర్ సెల్ఫ్"ని, అంటే అంతరాత్మని, అడిగి అనుమతి తీసుకోవచ్చట. నాకు ఇది అసలు మింగుడు పడదు. నోటితో వద్దన్న మనిషిని పక్కన పెట్టి, మన తలలోనే ఉన్న ఇంకో అక్కని అడిగి సరే అనిపించుకోవడమేగా ఇది. ఆ అక్క ఎప్పుడైనా కాదంటుందా?

దీనికి ఎదురుగా ఒక పాత ముచ్చట ఉంది. రేకీని మొదలుపెట్టింది జపాన్‌లో మికావో ఉసుయి, 1922లో. దాన్ని జపాన్ దాటించింది హవాయిలో పుట్టిన హవాయో తకాటా. ఆవిడ 1935లో టోక్యోలో ఉసుయి శిష్యుడు హయాషి క్లినిక్‌కి వైద్యం కోసం వెళ్లినప్పుడు, చేతుల్లోంచి వస్తున్న వేడిని నమ్మలేక, ఏదో మిషన్ దాచారేమోనని వైద్యం చేసేవాడి చొక్కా చెయ్యి పట్టుకుని వెతికిందట. ఈ కథ చెప్పి "చూశారా, మొదట్లో అందరూ నమ్మరు, మనమే పట్టువదలకూడదు" అంటుంటారు. అసలు సంగతి అది కాదు. తకాటాకి అనుమానం ఉంది, కానీ తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లింది. అనుమానం వేరు, వద్దనడం వేరు. అనుమానం ఉన్నవాళ్లు ప్రశ్నలు వేస్తారు, ఎలా పనిచేస్తుందని గుచ్చిగుచ్చి అడుగుతారు. వాళ్లతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు. వద్దన్నవాళ్లు ప్రశ్నలు వెయ్యరు, టాపిక్ మారుస్తారు. మీ స్నేహితుల సంగతీ అంతే.

ఆ ప్రశ్నలు వేసేవాళ్లతో కూడా "సైన్స్ ప్రూవ్ చేసింది" అనే మాట వాడకండి. శరీరం చుట్టూ ఉన్న శక్తి తమ చేతులకి తెలుస్తుందనే థెరప్యూటిక్ టచ్ వాళ్లని ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పాప ఒక అట్టముక్కతో పరీక్షించింది. అడ్డు వెనకనుంచి వాళ్లు చేతులు చాపాలి, పాప ఏ చేతికి దగ్గరగా తన చెయ్యి పెట్టిందో చెప్పాలి. 21 మంది, మొత్తం 280 సార్లు. సరిగ్గా చెప్పింది 44 శాతం. బొమ్మా బొరుసూ వేసుకున్నా సగం వస్తాయి. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. అది రేకీ కాదు కదా అని మనవాళ్లు తప్పించుకుంటారు. నేను తప్పించుకోలేకపోయాను, చాలా రోజులు నలిగాను. అయినా సాధన మానలేదు, ఎందుకంటే అది చేసినప్పుడు నా మనసు నెమ్మదిస్తుంది. దాన్ని ఇంతకంటే పెద్దది చేసి ఎవరికీ చెప్పను.

ఇప్పుడు నేను అడిగే పద్ధతి చెబుతాను. ఒక్కసారే అడుగుతాను. నలుగురిలో కాదు, మనిషి మంచం మీద పడి ఉన్నప్పుడు అసలే కాదు. లేచి వెళ్లిపోగలిగే స్థితిలో ఉన్నప్పుడు. "నేను చేసేది ఇది, పావుగంట పడుతుంది, ముట్టుకోను, మందులకి బదులు కాదు, వద్దంటే నేనేమీ అనుకోను" అని చెప్పి, ఆ చివరి ముక్క నిజమో కాదో ముందు నన్ను నేనే చూసుకుంటాను. లోపల చిన్నబుచ్చుకునే ఉద్దేశం ఉంటే అడగను. "చూద్దాంలే", "ఖాళీ ఉన్నప్పుడు", "నీ ఇష్టం", ఇవన్నీ నా లెక్కలో వద్దు కిందే వస్తాయి. తర్వాత వాళ్లే అడిగితే తప్ప ఆ ఊసే ఎత్తను.

మీ అక్కయ్య విషయంలో మీరు ఇప్పటికే రెండుసార్లు అడిగేశారు. కుదిరితే ఒక మాట చెప్పండి, "అక్కా, ఇక ఆ విషయం ఎత్తనులే" అని. తలనొప్పి వచ్చినప్పుడు కర్టెన్లు వేసి, టీవీ ఆపి, పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. అది కూడా చేతులతో చేసే పనే, ఎవరూ వద్దనరు. నొప్పి ఎప్పటిలా కాకుండా ఉన్నట్టుండి భరించలేనంత వచ్చినా, మాట తడబడినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి.

మీ పూజలోనో ధ్యానంలోనో అక్క బాగుండాలని కోరుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది మీ మనసు. కానీ ఆమె ఫోటో పెట్టుకుని, రేకీ గుర్తులు గీసి, టైము పెట్టి పంపితే అది వైద్యం. ఆమె వద్దన్నది దాన్నే. "నిన్న రాత్రి పంపాను, ఇవాళ కాస్త తగ్గిందా?" అని మాత్రం పొరపాటున కూడా అడగకండి. తగ్గినా తగ్గకపోయినా ఆమె మీకు బాకీ పడినట్టవుతుంది.

మా పిన్నికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "పోనీలేవే, ప్రేమతోనే చేశావుగా" అంది. ఆ తర్వాత నాలుగేళ్లు మా మధ్య ఈ మాటే రాలేదు. ఒకరోజు వాళ్లింట్లో కూర్చుని ఉంటే, సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడు తనే అంది: "ఏమే, ఆ చేతులు పెట్టేది ఇంకా చేస్తున్నావా? మోకాలికి పనిచేస్తుందా?"

"ఏమో పిన్నీ, కొంతమంది హాయిగా ఉందంటారు. నొప్పి తగ్గుతుందని మాత్రం చెప్పలేను."

"సరే, పెట్టు చూద్దాం. ఉండు, ముందు బాత్రూమ్‌కి వెళ్లొస్తా."

పది నిమిషాలు పెట్టాను. ఆవిడ సీరియల్ చూస్తూనే ఉంది. తగ్గిందా అని నేను అడగలేదు.