కార్డు కొనే ముందు మిద్దె మీదికి చూడండి

ప్రశ్న: నాది 2009లో కొన్న డెస్క్‌టాప్. కోర్ 2 డుయో ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7, 19 అంగుళాల మానిటర్. దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో వచ్చే సంగీత కచేరీలను కంప్యూటర్‌లోనే చూస్తూ రికార్డు చేసుకోవాలని కోరిక. దుకాణంలో ‘హెచ్‌డీ’ అని ముద్రించిన, కంప్యూటర్‌లో టీవీ చూపించే ట్యూనర్ కార్డు ఒకటి చూపించారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచి మంచిది తెస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బి.క్యాంపు, కర్నూలు

జవాబు: రెండూ వద్దు మాస్టారూ. మీ ఇంటికి ఏ సిగ్నల్ వస్తోందో తేల్చుకున్నాకే కార్డు సంగతి.

ఒకప్పుడు కేబుల్ వైరు తెచ్చి కార్డుకు తగిలిస్తే బొమ్మ వచ్చేది. డిజిటలీకరణ నాలుగో దశ గడువు 2017 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు కేబుల్ ప్రసారాలకు తాళం ఉంది, దాని చెవి ఆపరేటర్ ఇచ్చిన సెట్‌టాప్ బాక్సులోనే ఉంటుంది. ప్రైవేటు డీటీహెచ్‌లదీ ఇదే తీరు. యాంటెన్నాతో పట్టుకుందామంటే, దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసేసింది. గాలిలో వచ్చే డిజిటల్ ప్రసారం కొన్ని పెద్ద నగరాలకే పరిమితమైంది.

దుకాణంలో చూపిన కార్డును వెనక్కి తిప్పి చూడండి. యాంటెన్నా రంధ్రం, పసుపుపచ్చ ఏవీ సాకెట్ తప్ప మరేమీ లేకపోతే అది అనలాగ్ కార్డు. డబ్బా మీద ఏమని రాసి ఉన్నా, దాని గుండా వచ్చే బొమ్మలో 576 గీతలకు మించి ఉండవు. మీ అబ్బాయి తెస్తానంటున్నది అక్కడి ఏటీఎస్‌సీ అనే టీవీ ప్రసార పద్ధతికి చేసిన కార్డయి ఉంటుంది. ఆ పద్ధతి ప్రసారాలు మన దేశంలో లేవు. అతణ్ని ఆపండి, డబ్బు మిగులుతుంది.

మీకు మిగిలిన దారి దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీడిష్. నెలసరి రుసుము లేదు, సప్తగిరి అందులో ఉంది. దానికి కావలసింది డీవీబీ-ఎస్2 రకం శాటిలైట్ ట్యూనర్ కార్డు. ఉత్త డీవీబీ-ఎస్ కార్డు చవగ్గా దొరికినా వద్దు, ఎంపెగ్-4 అనే కొత్త కుదింపు పద్ధతిలో వచ్చే ఛానళ్లు దానికి అందవు. ఫ్రీడిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. కర్నూలు మిద్దె మీద నిలబడితే అది సరిగ్గా ఆగ్నేయ మూలన, దాదాపు 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు కాబట్టి పక్కింటి గోడ సాధారణంగా అడ్డురాదు. కానీ పైకి వాలిన వేపకొమ్మ ఒక్కటి చాలు, బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోవడానికి. ఇప్పటికే టీవీకి ఫ్రీడిష్ ఉంటే ఆ వైరునే రెండుగా చీల్చకండి. బాక్సూ కార్డూ చెరో వోల్టేజీ పంపి పోట్లాడుకుంటాయి. డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ స్థానంలో రెండు మూతులున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టించి, కార్డుకు వేరే వైరు దించుకోండి.

ఇక కేబినెట్ లోపల. మీదిలాంటి జీ31 బోర్డే మూత తీసి నా బల్ల మీద ఉంది. కార్డులు గుచ్చే స్లాట్లలో రెండు పొడవాటి తెల్లవి పాత పీసీఐ రకానివి. వాటి పైన అంగుళం పొడవున్న చిన్న నల్ల స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1ది. అందులో ఎన్నడూ ఏదీ పెట్టలేదేమో, ఎర్రదుమ్ము అట్టకట్టి ఉంది. ప్లగ్గు పీకి, పొడి కుంచెతో తుడిచాకే కార్డు దింపండి. ఈ చిన్న స్లాట్‌కు సరిపోయే కార్డే తీసుకోండి, రేపు కంప్యూటర్ మార్చినా పనికొస్తుంది. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు కార్డే పంపాలి కనుక, కొన్ని కార్డులకు నాలుగు పిన్నుల కరెంటు వైరు అదనంగా కావాలి. మీ ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టెలో) అది ఖాళీగా ఉందో లేదో చూసుకోండి.

పాత సిస్టమ్ నిజంగా తడబడేది కార్డు దగ్గర కాదు, బొమ్మ విప్పే దగ్గర. హెచ్‌డీ ఛానళ్ల బొమ్మ హెచ్.264 పద్ధతిలో కుదించి వస్తుంది. జీ31లోని గ్రాఫిక్స్ దాన్ని విప్పలేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కోర్ 2 డుయో రొప్పుతూ లాగుతుంది. జీఫోర్స్ 210 వంటి పాత గ్రాఫిక్స్ కార్డు దొరికితే పొడవాటి ఎక్స్16 స్లాట్‌లో పెట్టండి, ఆ బరువు అది మోస్తుంది. అయితే మీకది అవసరమా? సప్తగిరి సాధారణ స్పష్టతలోనే వస్తుంది. పైగా మీ మానిటర్ 1440 × 900 రకమైతే, పూర్తి హెచ్‌డీలోని 1080 గీతలు ఎలాగూ కనిపించవు. కచేరీలకు ఉన్న ప్రాసెసరే చాలు. మిగిలే డబ్బుతో మంచి స్పీకర్లు కొనండి, మృదంగం నాదం తేడా తెలుస్తుంది.

డబ్బు కట్టే ముందు ఒక్క పని మరవకండి: ఆ కార్డును విండోస్ 7తో పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తయారీదారు సైటులో ఉందేమో చూసి, దించుకుని, పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. విండోస్ మళ్లీ వేసుకున్నాక డ్రైవర్ ఎక్కడా దొరకక, బాగున్న కార్డునే మూలన పడేసిన అనుభవం నాకుంది. ఇప్పటికీ దాన్ని చూస్తే బాధేస్తుంది.

ప్రశ్న: నా మానిటర్‌కు పాత వీజీఏ సాకెట్ మాత్రమే ఉంది. కేబుల్ వారి హెచ్‌డీ బాక్సును దానికి కలపవచ్చా?
– విద్యార్థి, అనంతపురం

జవాబు: హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్లు ఉన్నాయి కానీ, సెట్‌టాప్ బాక్సులు హెచ్‌డీసీపీ అనే కాపీ నిరోధక రక్షణ అడుగుతాయి. వీజీఏలో అది లేదు కాబట్టి తెర నల్లగా ఉండిపోవచ్చు. తిరిగి ఇచ్చే వీలుంటేనే అడాప్టర్ తీసుకోండి. ధ్వనిని బాక్సు ఏవీ సాకెట్ నుంచి స్పీకర్లకు విడిగా కలపండి.

ప్రశ్న: ట్యూనర్ కార్డుతో నేరుగా పోర్టబుల్ హార్డ్ డిస్కులోకి రికార్డు చేస్తున్నాను. రెండు గంటలు దాటగానే ఆగిపోతోంది. డిస్కులో చోటు చాలా ఉంది.
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: మీ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫైళ్ల అమరిక పద్ధతిలో ఉన్నట్టుందమ్మా. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటలేదు. సెకనుకు 4 మెగాబిట్ల ప్రసారం గంటకు 1.8 జీబీ తీసుకుంటుంది, లెక్క సరిగ్గా మీరు చెప్పిన చోటికే వస్తోంది. ఉన్నవన్నీ వేరే చోటికి మార్చుకుని, డిస్కును ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి ఫార్మాట్ చేయండి. మార్చుకున్న ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఫార్మాట్ నొక్కండి.