నాన్న సరిహద్దుకు వెళ్తుంటే నాలుగేళ్ల పాపకు ఏం చెప్పాలి?

పాప నిద్రలో ఉండగా చెప్పకుండా వెళ్లిపోవద్దని ముందుగా మీవారితో అనండి. ఏడుస్తుందని చాలా ఇళ్లలో ఇలాగే చేస్తారు. ఆ తర్వాత కొందరు పిల్లలు కళ్లు మూయడానికే భయపడతారు. "నాన్న లద్దాఖ్‌లో పని చేయడానికి వెళ్తున్నారు, అక్కడ మనం ఉండటానికి వీల్లేదు, సెలవు దొరకగానే వస్తారు" అంటే చాలు. తేదీ మాత్రం చెప్పకండి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉన్నా, అవి ఎప్పుడు దొరికేదీ యూనిట్ అవసరాన్ని బట్టే ఉంటుంది.

కొండల మీది పోస్టుల్లో సిగ్నల్‌ను నమ్ముకోలేం. అందుకే ఆయన గొంతుతో పది కథలు ఇప్పుడే ఫోనులో రికార్డు చేయించండి. ఆయన ఉతకని చొక్కా ఒకటి పాప దిండుకు తొడగండి. ఈ వయసులో ఫోటో కన్నా ఆ వాసనే దగ్గర.

కొన్నాళ్లు పక్క తడపడం, మారాం చేయడం సహజమే, కోప్పడకండి. వారాల తరబడి తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. సరిహద్దు వార్తలు వస్తుంటే టీవీ కట్టేయండి.

ఆయన తిరిగి వచ్చిన రోజు పాప మీ కొంగు వెనక దాక్కోవచ్చు. ఆయన మనసు చివుక్కుమంటుంది, పాపం. వెంటనే ఎత్తుకోకుండా, నేల మీద కూర్చుని తన బొమ్మలతో ఆడమనండి. కాసేపటికో, రెండు రోజులకో తనే ఒళ్లోకి వస్తుంది.