చెప్పు తెగితే ఇంకా మంచిది

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. "ఏమీ జరగని కథ రాద్దామనుకున్నానన్నా" అన్నావు కదా, నిజంగానే ఏమీ జరగలేదు, నా గొడవంతా దాంతోనే. బాల్కనీ, టీ, వాన, దిగులు, మళ్లీ టీ.

ఇలాంటివే రాయాలని ఉంటే జపాన్ చిత్రకారుడు జిరో తనిగుచి గీసిన మాంగా, అంటే అక్కడి బొమ్మల కథ, 'అరుకు హితో' సంపాదించి చదువు. 'నడిచే మనిషి' అని అర్థం. 1990-91లో సీరియల్‌గా వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన, ఇంట్లో భార్య, ఓ కుక్క. ఆయన ఊరి శివార్లలో నడుస్తుంటాడు, అంతే, చాలా పేజీల్లో మాటే ఉండదు. మొదటిసారి అరగంటలో తిరగేసి ఇంతేనా అనుకున్నాను (బొమ్మలు వదిలేసి మాటల కోసం వెతికితే అరగంట కూడా ఎక్కువే). రెండోసారి నెమ్మదిగా చూస్తే తెలిసింది, ప్రతి భాగంలోనూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. పిల్లల బొమ్మ విమానం చెట్టులో ఇరుక్కుంటే ఆయన చెట్టెక్కుతాడు. ఓ రాత్రి ఎవరూ లేని స్విమ్మింగ్ పూల్‌లోకి కంచె దాటి వెళ్లి, బట్టలిప్పేసి హాయిగా ఈదుతాడు, అంత పెద్దమనిషీ! ఇంకోసారి కళ్లజోడు పగులుతుంది, రోజూ చూసే దారే మసకమసకగా ఇంకేదో ఊరిలా కనిపిస్తుంది. నీ కథలో కనీసం పాలైనా విరగలేదు కదరా.

ఇంకోటి. 'దిగులు' అనే మాట తొమ్మిదిసార్లు వాడావు, లెక్కపెట్టాను. తనిగుచి ఆ మనిషి మనసులో ఏముందో దాదాపు చెప్పనే చెప్పడు, ఇంటి పెంకులూ కరెంటు తీగలూ చెట్ల ఆకులూ ఒక్కొక్కటీ ఓపిగ్గా గీసుకుంటూ పోతాడు, మనకే తెలిసిపోతుంది.

నాకు బొమ్మలు రావు కదా అంటావేమో. జపాన్ వాళ్లకు చప్పుడు లేకపోవడానికి కూడా ఒక మాట ఉంది, 'షీన్' అని, మాంగాలో దాన్ని బొమ్మ మీదే రాసేస్తారు. మనకేం తక్కువ? తళతళ, వెలవెల, బిక్కుబిక్కు, కిక్కురుమనకపోవడం, అన్నీ మీ అమ్మమ్మ నోట్లో ఉన్నవే. నీ కథలో ఒక్కటీ కనపడలేదు, 'నిశ్శబ్దం ఆవరించింది' మాత్రం రెండుచోట్ల ఉంది. (నీ వయసులో నేనూ ఆవరింపజేశాను, ఓ నవల నిండా. అచ్చు కాలేదు, బతికిపోయాను.)

ఈ ఆదివారం ఫోన్ ఇంట్లో పడేసి మీ వీధి చివర కిరాణా కొట్టు దాకా నడిచెళ్లు. దారిలో ఏం చూశావో రెండు పేజీలు రాసి పంపు, దిగులు అన్న మాట లేకుండా. మధ్యలో చెప్పు తెగితే ఇంకా మంచిది.

మీ అన్న