ప్రకృతివాదం, వ్యవహారికసత్తావాదం: ఉపాధ్యాయుడి పాత్రలో తేడా

ప్రకృతివాదం (పిల్లలు సహజంగా, ప్రకృతి నుంచే నేర్చుకోవాలనేది), వ్యవహారికసత్తావాదం (పనులు చేస్తూ అనుభవం ద్వారా నేర్చుకోవాలనేది) రెండూ విద్యలో శిశువునే కేంద్రంగా తీసుకుంటాయి కదా, మరి ఉపాధ్యాయుడి తీరు ఎక్కడ మారుతుందని మీరు అడిగారు. నిర్వచనాలను పక్కనపెట్టి బోధన జరిగే తీరును గమనించండి. కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లవాడిని దండించకుండా, అందులోంచి వచ్చే చలిగాలినే అతనికి పాఠం చెప్పనివ్వాలని ప్రకృతివాద తత్వవేత్త రూసో 1762లో రాశాడు; ఇక్కడ ఉపాధ్యాయుడు కావాలనే వెనక్కి తగ్గుతాడు. వ్యవహారికసత్తావాది అయిన అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రయోగ పాఠశాలలో మాత్రం పిల్లలు వంట, నేత, వడ్రంగం వంటి పనులు కలిసి చేసేవారు, ఆ పనుల్లో ఎదురయ్యే సమస్యల నుంచే లెక్కలూ విజ్ఞానశాస్త్రమూ నేర్చుకునేలా ఉపాధ్యాయులు పరిస్థితులను ముందుగా ఆలోచించి సమకూర్చేవారు. నా దృష్టిలో ఈ రెండో బాధ్యతే ఎక్కువ కష్టమైనది. భావాలు, ఆదర్శాలే ముఖ్యమనే భావవాదంలో ఉపాధ్యాయుడే ఆదర్శమూర్తి కనుక అక్కడ అతని పాత్ర గురించి ఈ తికమక రాదు. మీ జవాబులో ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కనే రాయండి.