అందరి బాధా చూస్తాను, నా బాధ ఎవరికి చెప్పను?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజేంద్రనగర్‌లో బీవీఎస్సీ చదివి, హైదరాబాద్‌లోనే ఎనిమిదేళ్లుగా సొంతంగా పెట్ క్లినిక్ నడుపుతున్నాను. మావారు బ్యాంకు ఉద్యోగి. బాబు రెండో తరగతి. నెల క్రితం పార్వో అనే వైరస్ జబ్బుతో ఒక కుక్కపిల్ల చనిపోయింది. టీకాలు వేయించలేదు, రక్త విరేచనాలు మొదలైన మూడో రోజు తెచ్చారు. అయినా ఓనరు ‘డబ్బులు గుంజి చంపేసింది’ అని ఆన్‌లైన్‌లో రాశాడు. అప్పటినుంచి ఏ కేసు పట్టుకున్నా చేతులు వణుకుతున్నాయి. రాత్రి రెండింటికి కూడా ఫోన్లు వస్తాయి. మావారేమో ‘కుక్కలకిచ్చే టైం మాకివ్వవు’ అంటారు. అత్తగారికి నేను ‘కుక్కల డాక్టరమ్మ’ని. ఒక్కోసారి పొద్దున నిద్ర లేవకుండా పోతే బాగుండనిపిస్తుంది. క్లినిక్ మూసేయమంటారా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: క్లినిక్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ‘నిద్ర లేవకుండా పోతే బాగుండు’ అని మాటల మధ్యలో అనేసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. అది అలసిపోయి అన్న మాటా, లేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వస్తోందా? రెండోదైతే ఆదివారం దాకా ఆగకుండా సైకియాట్రిస్టును కలవండి. ఈ రాత్రికే భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకో మాట. క్లినిక్‌లో మందుల బీరువా తాళం కొన్నాళ్లు మీ అసిస్టెంటు దగ్గర ఉండనివ్వండి. ఎందుకు అంటున్నానో మీకు తెలుసు.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోవద్దు. అమెరికాలో 1979 నుంచి 2015 దాకా చనిపోయిన వెటర్నరీ డాక్టర్ల వివరాలు పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. మహిళా డాక్టర్లలో ఆత్మహత్యలు సాధారణ జనంలో కంటే మూడున్నర రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. అలా పోయిన డాక్టర్లలో నూటికి 75 మంది మీలాగే కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవారు. ఈ లెక్క చెప్పింది భయపెట్టడానికి కాదు, సాయం అడగడానికి సిగ్గుపడతారేమోనని.

ఇక బతకలేని జంతువుకు ఇంజెక్షనిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చే కేసుల గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. మా ఇంటి కుక్క పదమూడేళ్లు బతికింది. ఆఖరి రోజున డాక్టరుగారు దాని కాలికి ఇంజెక్షను ఎక్కించే సన్న గొట్టం (క్యాన్యులా) పెట్టి, మావారి చేతిని దాని తల మీద ఉంచి, ‘పేరు పెట్టి పిలుస్తూ ఉండండి’ అన్నారు. మేం ఏడుస్తూ కూర్చున్నాం. పది నిమిషాలకే పక్క గదిలో ఆయన గొంతు వినిపించింది. ఎవరి పిల్లికో టీకా వేస్తూ నవ్వుతూ మాట్లాడుతున్నారు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఆ రెండు గదుల మధ్య ఆయనకు చేతులు కడుక్కునేంత టైమే దొరికిందని చాలా రోజులకు గానీ తట్టలేదు. ఎనిమిదేళ్లుగా మీరూ అలాగే గదులు మారుతున్నారు. ఆ కుక్కపిల్లతో, లోపల అణచుకున్న బాధ కాస్తా పొంగి బయటపడింది.

పార్వో గురించి నేను మీకు చెప్పేదేముంది? ఆరు వారాలు దాటినప్పటి నుంచి వరసగా టీకాలు పడాల్సిన పిల్లకు ఒక్కటీ పడలేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, అది తట్టుకుంటుందేమోనని కాచుకోవడమే కదా మీరు చేయగలిగింది! ఆలస్యం చేశానన్న సంగతి ఓనరుకూ తెలిసే ఉంటుంది. ఆ తప్పు తను మోయలేక మీ నెత్తిన పెట్టాడని నా అనుమానం. కేసు షీటు తీసుకెళ్లి, కాలేజీలో మీకు పాఠం చెప్పిన ప్రొఫెసరుకు ఎవరికైనా చూపించండి. నేను వంద చెప్పినా ఆయన ‘నేనైనా ఇదే చేసేవాణ్ని’ అన్న ఒక్క మాటకు సాటి రాదు. ఆ రివ్యూకి మాత్రం రెండే వాక్యాలు రాయండి: కుక్కపిల్ల పోయినందుకు బాధగా ఉంది, క్లినిక్‌కి వస్తే వివరంగా మాట్లాడదాం. వాదనకు దిగొద్దు. చేతుల వణుకు తగ్గేదాకా ఆపరేషన్ కేసుల్ని మీకు తెలిసిన వేరే డాక్టరుకు పంపండి.

మీవారి మాటలో కొంత న్యాయం ఉంది, కోపం తెచ్చుకోకండి. క్లినిక్‌కి వేరే నంబరు పెట్టి, రాత్రి తొమ్మిదికి ఆ ఫోను క్లినిక్‌లోనే వదిలి రండి. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కలిస్తే రాత్రి కేసులకు వంతులు వేసుకోవచ్చు. పిల్లి తుమ్మిందని ఆదివారం రాత్రి పదింటికి డాక్టరుకు వీడియో పంపినదాన్నే నేనూ. ఆయన చూడకపోతే పొద్దునదాకా ఆగేదాన్ని, పిల్లికేమీ అయ్యేది కాదు.

అత్తగారి సంగతి వదిలేయండి. కుక్కల డాక్టరమ్మని కుక్కల డాక్టరమ్మ అనే అంటారు.

క్లినిక్ మూయాలా వద్దా అన్నది నిద్ర లేని కళ్లతో తేల్చుకునే విషయం కాదు. పది రోజులు సెలవు బోర్డు పెట్టండి. ఈ రాత్రి బాబు పడుకున్నాక మీవారి పక్కన కూర్చోండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, నాకు రాసిన ఉత్తరమే అక్షరం మార్చకుండా ఆయన చేతికివ్వండి.